ఫైనల్ మ్యాచ్ నాడే ప్రాక్టికల్

మా కాలేజీకి ఆటస్థలం లేదు. ఉన్నదల్లా ఒక నడిమి వాకిలి, ఆ వాకిలి మధ్యలో ఎండిపోయిన నీళ్ల హౌజు. ఎప్పుడో ఎవరో నవాబుగారి కుటుంబం కాపురమున్న దేవిడీ అది. మేం బీఎస్సీలో చేరేనాటికి వాళ్ల హాళ్లలో మా బల్లలూ నల్లబోర్డులూ వచ్చి కూర్చున్నాయి. గుర్రాలు కట్టేసిన చోట కెమిస్ట్రీ లాబ్ వెలిసింది. ఆ రాతి తొట్టిని మాత్రం ఎవరూ కదిలించలేదు. అందులో నీళ్లకు బదులు ఎండుటాకులూ, మేం తిని ఊసిన రేగ్గింజలూ ఉండేవి. దాని చుట్టూనే మేం ఖోఖో ఆడేవాళ్లం. ఇదంతా డెబ్భైల నడిమి సంగతి.

ఖోఖో ఎరగని వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఎనిమిది మంది ఒకే వరుసలో, ఒకరు ఇటూ ఒకరు అటూ మొహం పెట్టి, గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. తప్పించుకునే వాళ్లు ముగ్గురేసి చొప్పున దిగుతారు, వరుసలో ఎటు నుంచి ఎటైనా దూరుతారు. తరిమే మనిషికి ఆ వీలు లేదు. ఆమె వరుస దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. అవతలికి పోవాలంటే అటు మొహం పెట్టి కూర్చున్న పిల్ల వీపు మీద చరిచి "ఖో" అనాలి. చరుపు పడగానే ఆ పిల్ల లేచి ఉరకాలి. ఆలోచించే సందు లేదు. మా పీటీ మేడం మాకు నేర్పిన విద్యంతా ఇదే. మెడలో విజిల్ వేసుకుని హౌజు గట్టు మీద నిలబడి, "దిమాగ్ ఘర్‌మే రఖ్‌కే ఆవ్ బేటీ, పీఠ్ సే సునో!" అని అరిచేది. బుర్ర ఇంట్లో పెట్టి రండి, వీపుతో వినండి అని. విన్నాం. కొన్నాళ్లకు ఎట్లా తయారయ్యామంటే, బస్సులో కండక్టర్ టిక్కెట్ కోసం భుజం తట్టినా సీట్లోంచి లేచి నిలబడేవాళ్లం.

హౌజు మధ్యలో ఉంది కాబట్టి మా వరుస రెండు ముక్కలుగా ఉండేది. నలుగురు ఈ పక్క, నలుగురు ఆ పక్క. ఉరికే వాళ్లం నడిమికి రాగానే పక్కకు వంగి, తొట్టిని చుట్టేసి, మళ్లీ దారిలో పడేవాళ్లం. వంగకపోతే మోకాలి చిప్ప లేచిపోతుంది మరి. మొదటిసారి నిజమైన గ్రౌండుకు ఆడటానికి పోయినప్పుడు వచ్చింది తమాషా. ఎదురుగా నున్నటి ఎర్రమట్టి, ఎక్కడా గడ్డిపోచ అడ్డం లేదు. మేం మాత్రం నడిమికి రాగానే ఒకరి తర్వాత ఒకరం లేని హౌజును చుట్టి పోతున్నాం! చూస్తున్న వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. "ఏం పోరీలు రా వీళ్లు, గుంత ఉన్నదనుకుంటున్నరు" అన్నాడొకడు. కానీ తరిమే పిల్లలకు నవ్వు రాలేదు. ఏ కారణమూ లేకుండా మనిషి అక్కడ పక్కకు తిరుగుతుందని వాళ్లు కలలో కూడా అనుకోలేదు. చెయ్యి చాస్తే గాలే అందింది. ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాతదీ గెలిచాం. అట్లా చూస్తూ చూస్తూ, గ్రౌండే లేని కాలేజీ యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ ఫైనల్స్‌కు వచ్చి కూర్చుంది. నాకు ఆ వారమంతా అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు, అయినా ఒంట్లో ఎక్కడా అలసట లేదు. అంత సంబరం.

మా ఇల్లు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో. రెండు గదులు, ముందొక అరుగు. మా బాపు ఒక ప్రభుత్వ కర్మాగారంలో మిషను మీద పని చేసేవాడు. ఆ నౌకరీ ఆయనకు చదువు వల్ల రాలేదు, వాలీబాల్ వల్ల వచ్చింది. వయసులో ఉన్నప్పుడు నెట్టు దగ్గర ఎగిరి కొడితే అవతలి వాళ్లు చేతులు అడ్డం పెట్టడం మానేసి మొహం కాపాడుకునేవాళ్లట. కంపెనీ సారెవరో చూసి టీములోకి తీసుకున్నాడు, టీముతో పాటు హెల్పర్ ఉద్యోగమూ ఇచ్చాడు. కొన్నేళ్లు ఊళ్లు తిరిగి ఆడాడు. తర్వాత మోకాలు పోయింది. ఆట పోయింది, మిషను మిగిలింది. ఆయన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాళ్లు సర్టిఫికెట్లు చూపించి సూపర్‌వైజర్లయ్యారు. బాపు మాత్రం అదే వర్క్‌షాపులో, అదే మిషను ముందు, షిఫ్టంతా నిలబడే ఉన్నాడు.

"ఆట నాకు నౌకరీ ఇచ్చింది బిడ్డా, కుర్చీ ఇయ్యలే" అనేవాడు. నేను ఆడతానంటే వద్దనలేదు. ఒక్క షరతు పెట్టాడు. "ఆడు. మంచిగ ఆడు. గని పరీక్ష ఇడిసిపెట్టి ఆట కాడికి పోయినవంటే మాత్రం నాతోని మాట్లాడకు. ఉరికి పాలు తాగుడు కన్న నిలవడి నీళ్లు తాగుడు నయం."

"నువ్వు ఉరికే తాగినవ్ గద బాపూ?"

"తాగిన. పాలు ఇరిగిపోయినయ్."

అట్లాంటి ఇంట్లో, సరిగ్గా ఫైనల్ మ్యాచ్ నాడే ఫైనలియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ పడింది. పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి. నా నంబరు మధ్యాహ్నంలో ఉంది. మ్యాచూ మధ్యాహ్నమే. ప్రాక్టికల్ పోతే డిగ్రీ పోయినట్టే. మ్యాచ్‌కు నేను లేకపోతే మా టీములో చివరిదాకా ఉరికే మనిషి లేనట్టే. నోటీసు బోర్డు ముందు నిలబడి ఎవర్ని తిట్టాలో తెలియక యూనివర్సిటీ మొత్తాన్నీ కలిపి తిట్టాను.

పీటీ మేడం నన్ను రెక్క పట్టుకుని స్టాఫ్ రూమ్‌కు తీసుకుపోయింది. అక్కడ మా కెమిస్ట్రీ మేడం కూర్చుని ఉంది. భర్త బదిలీ మీద కోస్తా నుంచి వచ్చిన మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, నవ్వని మొహం. ఆమెకు నేనంటే ఇష్టమని అందరికీ తెలుసు. నీ చెయ్యి నిదానం, ఎమ్మెస్సీ చెయ్యాల్సిన చెయ్యి అని నాతోనే ఒకసారి అంది. అందుకే నా ఆటంటే ఆమెకు ఒళ్లు మంట.

"పొద్దుటి బ్యాచికి మార్చమంటే మారుస్తారటండీ? యూనివర్సిటీ వేసిన నంబర్లు అవి" అంది కళ్లద్దాల మీదుగా చూస్తూ.

"క్యా మేడం, ఒక్క పోరిని పొద్దున తీసుకుంటే మీ లాబ్ కూలిపోతదా?" అంది పీటీ మేడం.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా కుదురుతుంది? ఈ పిల్లకు తల ఉంది. మీరు కాళ్లే చూస్తున్నారు."

"తల కాళ్ల మీదనే నడుస్తది మేడం! చేతుల మీద నడుస్తదా?"

మిగతా లెక్చరర్లు పేపర్లు దిద్దుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పెట్టారు. వాళ్లిద్దరూ నన్ను మధ్యలో నిలబెట్టి, నేను లేనట్టే నా గురించి పోట్లాడుకున్నారు. నేనేమో మనసులో అవ్వా కావాలి, బువ్వా కావాలి, అవును, రెండూ కావాలి, అందులో తప్పేముంది అని గింజుకుంటున్నాను. బయటికి అనే ధైర్యం లేదు. చివరికి కెమిస్ట్రీ మేడమే కుర్చీలోంచి లేచింది. నా వైపు వేలు చూపించింది.

"పొద్దుటి బ్యాచిలో కూర్చోబెడతాను. కానీ ఆఖరి రీడింగు దాకా, వైవా దాకా, అంతా పూర్తి చెయ్యాలి. మధ్యలో లేచావో, నేనే ఫెయిల్ చేయిస్తాను. అర్థమైందా?"

అర్థమైంది. ఒంటిగంటకల్లా అయిపోతుంది, తర్వాత గ్రౌండుకు బోలెడు సమయం అనుకున్నాను. ఇంటికి పోయి బాపుకు చెప్తే, ఊఁ అని మాత్రం అన్నాడు.

ఆ రోజు లంగా కింద ఆట నిక్కరు, ఓణీ కింద కాలేజీ బనీను వేసుకున్నాను. కాళ్లకు కాన్వాస్ బూట్లు. లాబ్ గుమ్మంలో కెమిస్ట్రీ మేడం బూట్ల వైపు చూసింది, నా మొహం వైపు చూసింది, పక్కకు జరిగి దారి ఇచ్చింది. పదయింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రాలేదు. ఇంకా ఇంకా రాలేదు. ఆమె ఎక్కిన రిక్షా పత్తర్‌గట్టిలో పెళ్లి బట్టల గుంపుల నడుమ ఇరుక్కుందని తర్వాత తెలిసింది. ఎంతకూ కదలకపోతే దిగి నడిచి వచ్చింది పాపం, పెద్దావిడ, చెమటలు కక్కుతూ. వచ్చాక మంచినీళ్లు, చాయ్, సంతకాలు. మేం పేపరు అందుకునేసరికి పన్నెండు కావస్తోంది.

నాకు వచ్చింది పర్మాంగనేటు టైట్రేషన్. నాకు చాలా ఇష్టమైనది. నిలువుగా బిగించిన గాజు గొట్టంలో ఊదారంగు ద్రవం, కింద కుప్పెలో వేడి చేసిన రంగులేని యాసిడ్. పైనుంచి చుక్క చుక్క వదులుతుంటే, పడ్డ ఊదారంగు పడ్డట్టే మాయమవుతుంది. మాయమవుతుంది, మాయమవుతుంది, ఉన్నట్టుండి ఒక చుక్క మాయం కాదు. కుప్పె అంతా లేత గులాబీ రంగు నిలుస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్క చుక్క పడిందా, చేసిందంతా వృథా. ఆ ఒక్క చుక్క కోసం ఊపిరి బిగబట్టడం అంటే నాకు పిచ్చి. ఖోఖోలో తరిమే చెయ్యి బనీను అంచు దాకా వచ్చినప్పుడు ఉండే బిగువే ఇక్కడా ఉంటుంది. ఈ మాట ఇద్దరు మేడంలలో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

స్టూలు మీద కూర్చుని, గొట్టం గీతలకు కళ్లు ఆనించి, చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను. ఎగ్జామినరమ్మ బల్లల నడుమ నడుస్తూ నా వెనక్కి వచ్చిందట. నా పని నచ్చిందట. మెచ్చుకోలుగా వీపు మీద చెయ్యి వేసింది.

లేచాను! స్టూలు ఎగిరి అవతల పడింది. కుప్పె భళ్లున పగిలింది. పక్క బల్ల పిల్ల కెవ్వుమంది. నేను అవేవీ చూళ్లేదు. వెనక్కి తిరగకూడదు కదా! గుమ్మం దాటాను, వరండా దాటాను, వాకిట్లో హౌజును చుట్టాను, ఎదురుగా గేటు, ఉరుకుతున్నాను.

గేటు దగ్గర సైకిల్ పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు.

షిఫ్టులో ఉండాల్సిన మనిషి. సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. నేను ప్రాక్టికల్ మధ్యలో వదిలేసి మ్యాచ్‌కు పారిపోతానేమోనని కాపలా కాయడానికి వచ్చాడు. ఆయన భయపడ్డది భయపడ్డట్టే కళ్ల ముందు జరుగుతోంది మరి. సైకిల్ అడ్డం పెట్టాడు.

"ఏందే! ఏడికి ఉరుకుతున్నవ్?"

"ఎటు లేదు బాపూ! ఎనక నుంచి చెయ్యేసిండ్రు!"

"ఎవడేసిండు?" బాపు మీసం నిక్కింది.

"ఎవడు కాదు, ఎగ్జామినరమ్మ! ఖో అనుకున్న!"

ఇంకెవరైనా అయితే అర్థం చేసుకోవడానికి గంట పట్టేది. బాపు ఆటగాడు. కన్ను మూసి తెరిచేలోగా ఆయనకు తెలిసిపోయింది. మీసం కింద పెదవులు ఒకటే వణికాయి, కానీ నవ్వు బయట పడనియ్యలేదు. "నడువ్. లోపలికి నడువ్ ముందుగాల" అన్నాడు.

పోయినంత వేగంగానూ తిరిగి వచ్చాను. లాబంతా నిలబడి నన్నే చూస్తోంది. బల్ల మీద పర్మాంగనేటు మరకలు, నేల మీద గాజు పెంకులు. ఎగ్జామినరమ్మ మొహం తెల్లబోయి ఉంది. "ఏమిటమ్మా ఇది? పరీక్షలోంచి పారిపోతున్నావా?" అంది. కెమిస్ట్రీ మేడం ముందుకు వచ్చింది. అయిపోయాను అనుకున్నాను.

"పారిపోలేదండీ. వీళ్లను మా కాలేజీలో అలా తయారు చేశారు. వెనక నుంచి వీపు తడితే చాలు, లేచి పరిగెడతారు" అంది పీటీ మేడం మీద పితూరీ చెబుతున్నట్టు. అలా అంటూనే అల్మారా తెరిచి, ఇంకో కుప్పె తీసి నా బల్ల మీద పెట్టింది. "ఈ పిల్ల చెయ్యి మంచిది. మళ్లీ చెయ్యనివ్వండి."

"సరే, చెయ్యమనండి. ఎక్కువ టైమ్ మాత్రం ఇవ్వను" అంది ఎగ్జామినరమ్మ. అన్నాక పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. అప్పుడు తెలిసింది నవ్వుతోందని. ఆ తర్వాత ఎవరి వెనక్కి వచ్చినా ముందు గొంతు సవరించుకుని వచ్చింది.

యాసిడ్ మళ్లీ కొలిచి, మళ్లీ వేడి చెయ్యాలి. దీపం మీద కుప్పె వేడెక్కేదాకా నిలబడటమంత నరకం లేదు. ఎండ గోడ దిగుతోంది. అక్కడ మా పిల్లలు గ్రౌండుకు చేరి ఉంటారు. త్వరపడితే చుక్క దాటిపోతుంది, నిదానిస్తే మ్యాచ్ దాటిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చి, మ్యాచ్‌ను తీసి పక్కన పెట్టాను. అది ఎట్లా చేయగలిగానో ఇప్పటికీ ఆశ్చర్యమే. గొట్టం, కుప్పె, నేను, అంతే. చుక్క. చుక్క. ఇంకో చుక్క. నిలిచింది గులాబీ! లేతగా, ఉందో లేదో అన్నట్టు, పసిపిల్ల అరచేతి రంగులో. నాకు అరవాలనిపించింది. ఇంకోసారి చేశాను, రీడింగు అచ్చంగా అదే వచ్చింది. లెక్క కట్టాను. వైవాలో ఆవిడ అడిగిన ప్రశ్నలు పూర్తికాకముందే జవాబులు చెప్పేశాను. ఆఖరికి "ఇక పో తల్లీ, నేను చెయ్యి వెయ్యనులే" అంది.

గేటు దగ్గర బాపు అట్లాగే ఉన్నాడు.

"ఐందా?"

"ఐంది."

"అంత ఐందా?"

"వైవా గూడ ఐంది బాపూ!"

"ఐతే ఎక్కి కూసో. జల్ది!"

నేను ఎక్కీ ఎక్కకముందే తొక్కడం మొదలుపెట్టాడు. పత్తర్‌గట్టి వైపు పోతే గుంపుల్లో ఇరుక్కుంటామని పురానాపూల్ దారి పట్టాడు. గల్లీల్లో మేకలు, తోపుడు బండ్లు, నీళ్ల బిందెలు. "హటో భాయ్! బాజూ హటో!" అని బాపు ఒకటే కేక. బెల్లు ఎప్పుడో పోయింది, గొంతే బెల్లు. నేను వెనక కూర్చునే ఓణీ విప్పి మూట కట్టాను. వంతెన ఎక్కుడు వచ్చింది. బాపు సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు.

"బాపూ, మోకాలు! దిగి నడుస్త!"

"మోకాలుకు ఏమైతది? ఉరికే బ్యాచుల్ల నీది ఎన్నోదో చెప్పు!"

"ఆఖరిది!"

"ఐతే అందుతది!"

చిన్నప్పటి నుంచి షిఫ్టు నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చే మనిషినే చూశాను నేను. ఈ మనిషిని చూడలేదు. అంగీ వీపుకు అతుక్కుపోయింది, పళ్లు బిగించాడు, మధ్యమధ్య తనకు తానే "ఔర్ జోర్, ఔర్ జోర్" అనుకుంటున్నాడు. మూసీ గాలి మొహానికి కొడుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

గ్రౌండు కనపడగానే విజిళ్లు వినిపించాయి. మా ఆఖరి ఇన్నింగ్స్ నడుస్తోంది. ఉరికే వంతు మాది. మొదటి ముగ్గురు ఔటయ్యారు. రెండో ముగ్గురిలో ఇద్దరు ఔటయ్యారు. ఒక్క మా కెప్టెన్ మిగిలింది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం వాళ్ల పిల్ల, కాస్త బొద్దుగా ఉంటుంది, అంతసేపు ఎన్నడూ ఉరకలేదు. నా కోసం ఆగి ఆగి, ఈడ్చి ఈడ్చి ఉరుకుతోంది. పీటీ మేడం గ్రౌండు గట్టు మీద చేతులూపుతూ "ఆగయీ! వచ్చేసింది పోరి!" అని అరిచింది. కెప్టెన్ తల తిప్పి నన్ను చూసింది. మొహమంతా నవ్వు వచ్చేసింది. ఆ నవ్వులోనే ఔటైంది.

లంగా సైకిల్ మీద పడేసి దూకాను. నాతో దిగిన ఇద్దరూ ఎక్కువసేపు నిలవలేదు. నేనొక్కదాన్నే మిగిలాను. విజిల్ పడేదాకా దొరక్కుండా ఉంటే మేం గెలిచినట్టు, దొరికితే సమానం. నడిమికి వచ్చి, అలవాటుగా పక్కకు వంగబోయి చూస్తే, వంగే చోట వాళ్ల పిల్ల ముందే లేచి కాచుకుని ఉంది! మా సెమీ ఫైనల్ చూసి పోయారు కాబోలు, మా వంకర దారి నేర్చేసుకున్నారు. వంగితే దొరుకుతాను. కాళ్లేమో తిన్నగా పోవడానికి ఒప్పుకోవడం లేదు, అక్కడ రాయి ఉందని వాటి నమ్మకం. కళ్లు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను. మూసుకుని తిన్నగా ఉరికాను, హౌజు నడిమధ్య నుంచి. మోకాలికి ఏ రాయీ తగల్లేదు. వాళ్ల చెయ్యి మళ్లీ గాలినే పట్టుకుంది. అక్కడ నుంచి ఎటు దూరానో, ఎన్నిసార్లు దూరానో నాకు గుర్తు లేదు. విజిల్ ఒక్కటే గుర్తుంది.

ఆ తర్వాత అంతా లొల్లి. పీటీ మేడం నన్ను ఎత్తి తిప్పింది. కెప్టెన్ నా మీద పడి ఏడ్చింది. గట్టు మీంచి బాపు "శాబాష్!" అని అరిచిన అరుపు, అంత గోలలోనూ విడిగా వినిపించింది.

మేం ఇంకా మట్టిలో దొర్లుతుండగానే సఫారీ సూటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఏదో పెద్ద ప్రభుత్వ కంపెనీ స్పోర్ట్స్ ఆఫీసరు. ఆడపిల్లల టీము కొత్తగా కడుతున్నారట. నాతోనే అన్నాడు, నవ్వుతూ. "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా. వచ్చే వారమే క్యాంపు, వేరే ఊళ్లో. ముందు హెల్పర్ పోస్టు ఇస్తాం, తర్వాత సంగతి తర్వాత చూద్దాం. ఇండియా అంతా తిరిగి ఆడొచ్చు."

నా ఒళ్లు ఝల్లుమంది. రైళ్లు, వేరే ఊళ్లు, వీపు మీద కంపెనీ పేరున్న ట్రాక్ సూటు! వచ్చే వారమంటే థియరీ పరీక్షలు కూడా వచ్చే వారమే. అది గుర్తొచ్చేలోగా పక్క నుంచి బాపు గొంతు వినిపించింది.

"పరీక్షలైనంక వస్తది సార్."

"అప్పటిదాకా పోస్టు ఆగదయ్యా."

"ఆగకపోతే పోనియ్‌రి" అన్నాడు బాపు. నమస్తే పెట్టి, నా మూట సైకిల్‌కు తగిలించి, పద అన్నాడు.

సైకిల్ ఎక్కలేదు నేను. పక్కన నడిచాను. గెలిచిన సంబరమంతా ఎటో పోయింది. గ్రౌండు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేదాకా పళ్లు బిగబట్టుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

"నన్నెందుకు అడగలే బాపూ? ఉరికింది నేను. ఆయన అడిగింది నన్ను. జవాబు నువ్వెట్ల చెప్తవ్?"

అంత గొంతుతో బాపుతో ఎన్నడూ మాట్లాడలేదు. పక్కన పల్లీల బండివాడు కూడా తల తిప్పి చూశాడు. బాపు ఆగిపోయాడు.

"నన్ను గూడ ఎవ్వరు అడగలే బిడ్డా" అన్నాడు. "కంపెనీ సారు ఇంటికొచ్చిండు. నాకు మెట్రిక్ పరీక్షలు ముంగట్నే ఉండె. మా బాపు సరే అన్నడు. తెల్లారి నేను కంపెనీ గేటు కాడ నిలవడ్డ. రాస్తవా, పోతవా అని ఒక్కలన్న అడుగుతరేమో అని చూసిన. అడగలే."

ఈ మాట మా ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదు ఆయన. చదువు అబ్బక ఆటలోకి పోయాడనే ఇన్నాళ్లూ అనుకున్నాం. బాపు సైకిల్ హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"తప్పైంది. ఇప్పుడు అడుగుతున్న. పోతవా, పరీక్ష రాస్తవా? నువ్వేది అంటే అదే."

పోతాను అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది. దాంతో పాటే పొద్దుటి కుప్పె కళ్ల ముందు నిలిచింది. ఆఖరి చుక్క దాకా ఆగి, ఆ రంగు నిలవడం చూసిన చేతులివి. ఇంకా కొన్ని పేపర్లు ఉండగా లేచిపోవడం ఆ చేతులకు నచ్చలేదు. బాపు కోసం కాదు, మేడం కోసం కాదు, నాకే నచ్చలేదు.

"రాస్త" అన్నాను.

"ఐతే ఎక్కు. ఇంటికి పోదాం."

"ఊఁహూఁ. ఎనక్కి తిప్పు. ఆ సారుకు నేను చెప్పాలె."

"నేను చెప్పిన గదనే! గదే మాట!"

"నువ్వు చెప్పినవ్. నేను చెప్పలే."

బాపు ఆకాశం వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, ఏదో గొణుక్కున్నాడు. గొణుక్కుంటూనే సైకిల్ వెనక్కి తిప్పాడు. ఆఫీసరు జీపు ఎక్కబోతున్నాడు. మట్టి కొట్టుకుపోయిన బనీనుతో, పగిలిన మోకాళ్లతో ఉరుక్కుంటూ పోయి ఆయన ముందు నిలబడ్డాను. నేను పరీక్షలు రాస్తానని, పాసైనాక ఆటా ఆడతాను, పనీ చేస్తానని, అప్పటికి పోస్టు ఉంటే కబురు పెట్టమని, లేకపోతే ఇంకో చోట వెతుక్కుంటానని ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆ పోస్టు ఆగలేదు, ఇంకో కాలేజీ పిల్లకు పోయింది. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. కానీ అవి తర్వాతి సంగతులు.

ఆఫీసరు నవ్వాడు. "అదే కదమ్మా మీ నాన్న చెప్పింది!"

"ఆయనది ఆయన చెప్పిండు సార్. నాది నేను చెప్తున్న."

బాపు సైకిల్‌కు స్టాండు వేసి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.